శెనక్కాయల చేట దగ్గర మొదలైన మాట: రెండేళ్ళ ఎనిమిది నెలల బాబు కేస్ స్టడీ

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఈ కుటుంబం నా దగ్గరికి వచ్చింది. అమ్మ, నాన్న, అవ్వ, వాళ్ళ మధ్య బాబు. నేను తిరుపతిలో పిల్లల స్పీచ్ థెరపిస్టుగా పని చేస్తున్నాను. బాబును ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. వాళ్ళు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను.

వచ్చిన కారణం అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. "మాటలు రాలేదు మేడం." వెంటనే ఇంకో మాట కలిపింది. "ఏబీసీడీలు మాత్రం అన్నీ చెప్తాడు."

నిజమే, చెప్పాడు. గోడ మీది చార్టు కనబడగానే ఏ నుంచి జెడ్ దాకా, ఏదో వీడియోలో విన్న రాగంతో సహా ఒప్పజెప్పాడు. ఇంగ్లీషులో పది దాకా అంకెలు, నాలుగు రంగుల పేర్లు కూడా వచ్చాయి. అమ్మ ముఖం వెలిగింది. ఐదు నిమిషాల తర్వాత వాడికి దాహమేసింది. అమ్మ చెయ్యి పట్టుకుని లాగి, తీసుకెళ్ళి బ్యాగులోని బాటిల్ మీద పెట్టాడు. "నీళ్ళు" అనలేదు. అమ్మ ముఖం వైపు చూడలేదు. చెయ్యి ఒక పనిముట్టు, అంతే. నా నోట్సులో మొదటి పేజీ ఈ రెండు సంగతులతోనే నిండింది.

రెండేళ్ళు నిండేసరికి పిల్లలు రెండు మాటలు కలిపి చెప్పడం మామూలు. "అమ్మ రా", "పాలు కావాలి" లాంటివి. మూడేళ్ళకు దగ్గర పడేసరికి మూడు మాటల చిన్న వాక్యాలు వస్తాయి. చిన్నోడి దగ్గర అవసరానికి వాడే మాటలు ఎనిమిదే ఉన్నాయి. "అమ్మ", "అవ్వ", "తా" (ఇవ్వు అనడానికి), "బౌ", ఇలాంటివి. రెండు మాటలు కలిపింది ఒక్కసారీ లేదు. కానీ "చెప్పులు తీసుకురా", "తలుపు వెయ్" అంటే అర్థం చేసుకుని చేస్తాడు. నవ్విస్తే నవ్వుతాడు. పేరు పెట్టి పిలిస్తే మూడింటికి రెండుసార్లు తిరుగుతాడు.

మాట ఆలస్యమైన పిల్లవాడు వస్తే మొదట చేయించేది వినికిడి పరీక్ష. బయటికి ఎంత బాగా వింటున్నట్టు కనిపించినా చేయించాల్సిందే. బెరా పరీక్ష (శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందా అని చూసేది) మామూలుగానే వచ్చింది. ఇక రెండోది, ప్రతి తల్లీ నోటి దాకా తెచ్చుకుని మింగేసే మాట, ఆటిజం. తొలి జల్లెడగా వాడే ఎం-చాట్ ప్రశ్నావళి 16 నుంచి 30 నెలల పిల్లలకే పనికొస్తుంది. వీడికి అప్పటికే 32 నెలలు. చెయ్యిని పనిముట్టులా వాడడం, వేలు పెట్టి చూపించకపోవడం నన్ను ఆలోచనలో పడేశాయి. పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన రెండుసార్లు చూసి, ఇప్పుడే ఆటిజం అని రాసే స్థితి లేదు, కాదని కొట్టిపారేసే స్థితీ లేదు, థెరపీ మొదలుపెట్టి ఆరు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. ఆ మాట విని నాన్న ఊపిరి పీల్చుకున్నాడు, అమ్మ టెన్షన్ మాత్రం రెట్టింపైంది. "ఆరు నెలలు ఎట్లా మేడం ఉండేది?" అని మెట్ల మీదే కూర్చుండిపోయింది.

అవ్వది ఇంకో దారి. "ఏం కాదమ్మా, వాళ్ళ నాయన కూడా మూడేండ్లకే మాట్లాడినాడు." ఆ మాటను నేను తోసిపుచ్చను. ఇంట్లో ఆలస్యంగా మాట్లాడినవాళ్ళు ఉండడం నిజంగా లెక్కలోకి వచ్చే సంగతి. ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తమంతట తామే అందుకుంటారు. చిక్కేమిటంటే, ఎవరు అందుకుంటారో ఎవరు అందుకోరో రెండున్నరేళ్ళప్పుడు ఖచ్చితంగా చెప్పలేం. అందుకే ఆగి చూద్దాం అనే సలహా నేను ఇవ్వను. ఈ కేసులో మొదట గుర్తుపట్టింది వీధిలోని అంగన్‌వాడీ టీచర్. ఆమె చెప్పి నాలుగు నెలలయ్యాక వీళ్ళు కదిలారు. (ఫీజు కట్టలేని వాళ్ళకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఇవే పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఈ సంగతి నా దగ్గరికి వచ్చే వాళ్ళలో సగం మందికి తెలియదు.)

నేను రాసిచ్చిన కాగితం

ఇంటి పరిస్థితి ఇది. కొర్లగుంటలో రెండో అంతస్తులో రెండు గదులు, పైన మిద్దె. నాన్న టాక్సీ డ్రైవరు. అలిపిరి నుంచి కొండ మీదికీ, అక్కడి నుంచి కాణిపాకం, శ్రీకాళహస్తి వైపుకూ యాత్రికులను తిప్పుతాడు. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. అవ్వ పుత్తూరు వైపు మనిషి, ఆరు నెలలుగా వీళ్ళతోనే ఉంటోంది. బాబు చేతిలో ఫోన్ రోజుకు ఐదు గంటల దాకా ఉండేది. నాన్నే తన ఫోన్‌లో సెట్టింగ్స్ తీసి లెక్క చూపించాడు, దాచలేదు. తిండి తినేటప్పుడు, అమ్మ మిషన్ తొక్కేటప్పుడు, రాత్రి పడుకునే ముందు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్ళ లోపు అసలు వద్దనీ, ఐదేళ్ళ దాకా గంటకు మించొద్దనీ చెబుతోంది. ఫోన్ వల్లే మాట రాలేదని నేను ఆ కుటుంబానికి చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఫోన్ చేసే నష్టం ఇంకో రకం. పిల్లవాడు నోరు తెరవాల్సిన ఐదు గంటలను అది మింగేస్తుంది. ఫోన్ ఎవరి జవాబు కోసమూ ఆగదు కదా.

నేను ఒక కాగితం రాసిచ్చాను. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా అమ్మ బాబుతో బొమ్మలు పెట్టుకుని ఆడాలి. ఆదివారం నాన్న పార్కుకో జూకో తీసుకెళ్ళాలి. ఫోన్ గంటకు తగ్గించాలి. చూడ్డానికి చక్కని కాగితం. ఇలాంటివి ఎన్నో కుటుంబాలకు రాసిచ్చాను.

మూడు వారాల తర్వాత వచ్చినప్పుడు ఆ కాగితం సంగతి అడిగితే అమ్మ తల వంచుకుంది. రెండు రోజులు చేసిందట. సాయంత్రం ఆరంటే బ్లౌజులు తీసుకెళ్ళడానికి అందరూ వచ్చే సమయం. నాన్న ఇంకాస్త సూటిగా చెప్పాడు. "ఆదివారం మాకు సెలవు కాదు మేడం, సీజన్. మూడు ట్రిప్పులు పడతాయి."

తిరుపతిలో ఇన్నేళ్ళుగా ఉంటూ ఆ సంగతి నాకు తట్టకపోవడం నా తప్పు. మిగతా ఊళ్ళు సెలవు తీసుకునే రోజున ఈ ఊరు రెండింతలు పని చేస్తుంది. హోటళ్ళలో, టాక్సీల్లో, పూల దుకాణాల్లో బతికే ఇళ్ళకు ఆదివారం, పండగ, వేసవి సెలవులు అన్నీ పనిరోజులే. నేను ఎవరి వారాన్నో ఊహించుకుని వీళ్ళకు రాసిచ్చాను. ఆమె చేయలేకపోయినందుకు అపరాధ భావంతో కుమిలిపోయింది. ఆ కాగితం వెనక్కి తీసుకుని, "మీ ఇంటికి ఒకసారి రావచ్చా?" అని అడిగాను.

ఒక మంగళవారం పొద్దున

తొమ్మిదిన్నరకు వెళ్ళాను, పన్నెండు దాకా ఒక మూల కూర్చున్నాను. మొదటి గంట ఏమీ చెప్పలేదు, రాసుకున్నాను. ఇంట్లో మాటలకు కొరత లేదు. మిషన్ దగ్గర కస్టమర్లు, ఫోన్‌లో అవ్వ చెల్లెలితో అరవం, కింద కూరగాయల బండి. కానీ చిన్నోడి వైపు వచ్చే మాటలు వేరు. "వద్దు", "రా", "తిను", "కింద పడతావు". ఇక అమ్మకు ఖాళీ దొరికినప్పుడల్లా ప్రశ్నలు. "ఇదేంటి? ఇది ఏ కలర్? చెప్పు నాన్నా, చెప్పు." పది నిమిషాల్లో 31 ప్రశ్నలు లెక్కపెట్టాను. ఒక ప్రశ్నకూ ఇంకో ప్రశ్నకూ మధ్య ఒక్క క్షణం వ్యవధి లేదు. ప్రేమతో అడిగే పరీక్షలే అవి. పరీక్ష ఎక్కువైతే పిల్లవాడు పక్కకు తిరుగుతాడు, వీడూ తిరిగాడు.

పదకొండుకు అవ్వ వరండాలో చేట ముందు పెట్టుకుని శెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. ఊరి నుంచి వచ్చిన మూట. బొటనవేలితో నొక్కితే టప్ మని చప్పుడు. చిన్నోడు ఫోన్ మంచం మీద వదిలేసి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చేట పక్కన గొంతుకూర్చుని అవ్వ వేళ్ళనే చూస్తున్నాడు. వారం మొత్తంలో వాడు తనంతట తాను ఫోన్ వదిలిన సందర్భం అదేనేమో, అవ్వకు అది విశేషంగా కనబడలేదు. "పోరా సామీ, ఆడుకోపో, పొట్టు కంట్లో పడతాది" అంటోంది.

నేను వెళ్ళి వాళ్ళ పక్కన చాప మీద కూర్చున్నాను. అవ్వను ఒక కాయ పిడికిట్లో పట్టుకుని, ఏమీ అనకుండా, మనసులో ఐదు లెక్కపెట్టమన్నాను.

చిన్నోడు పిడికిలి చూశాడు. చిటికెన వేలు పైకెత్తాడు, తర్వాత ఉంగరపు వేలు, తర్వాత నడిమి వేలు. అరచేతిలో కాయ కనబడింది. తీసుకోలేదు. ఒలిచే పని అవ్వదని వాడికి తెలుసు. అవ్వ నోరు తెరవబోయింది, నేను చెయ్యి చూపి ఆపాను. మూడు, నాలుగు. అప్పుడు వాడు తలెత్తి అవ్వ కళ్ళలోకి చూశాడు. నేను ఆ ఇంటికి వెళ్ళినప్పటి నుంచీ ఎదురుచూస్తున్న చూపు అది. ఏదో కావాలని, అది ఇచ్చే మనిషి ఎదురుగా ఉందని, ఆ మనిషికి తెలియజేయాలని, మూడూ కలిసిన చూపు. అవ్వ "టప్" అని కాయ నొక్కింది. వాడు కిలకిల నవ్వాడు. రెండోసారి, మూడోసారి అలాగే. నాలుగోసారి చూపుతో పాటు పెదవులు కదిలాయి, "ట" అన్నాడు. మాట కాదు, చప్పుడే. కానీ ఆ చప్పుడు అవ్వ కోసం చేసింది.

అవ్వ కళ్ళు తుడుచుకుంది. "నేను రోజూ ఒలిచేదే కదమ్మా ఇది" అంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఐదేళ్ళ లోపు పిల్లలకు శెనగ్గింజలు గింజలుగా పెట్టకూడదు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఒలవడం, గిన్నెలో వేయడం వరకే వీడి పని. తినేది పొడి చేసి అన్నంలోనో, బెల్లంతో దంచిన ముద్దగానో. పక్కన పెద్దవాళ్ళు లేకుండా చేట దగ్గర కూర్చోనివ్వొద్దని అవ్వకు రెండుసార్లు చెప్పాను. స్నానాల బకెట్ల సంగతీ అంతే. అర బకెట్ నీళ్ళున్నా ఒంటరిగా వదలకూడదు.

కొత్త ప్లాన్

ఈసారి కాగితం లేదు. కొత్త సమయం అడగలేదు, బొమ్మ ఒక్కటి కొనమనలేదు. రోజూ జరిగే పనులనే వాడుకున్నాం. నేర్పిన పద్ధతి చిన్నది. వాడు చూస్తున్నదాని మీద పెద్దవాళ్ళ చూపు పెట్టాలి. ప్రశ్న అడగకుండా, జరుగుతున్నది పొట్టి మాటల్లో చెప్పాలి. ఐదు లెక్కపెట్టేదాకా ఆగాలి. వాడు ఏది చేసినా, చూసినా, చప్పుడు చేసినా, దాన్ని మాటగా లెక్కించి జవాబివ్వాలి. వాడు ఒక మాట అంటే పెద్దవాళ్ళు దానికి ఇంకొక్కటే చేర్చి తిరిగి చెప్పాలి.

చెప్పడం తేలిక, ఆగడమే కష్టం. అమ్మకు ఐదు లెక్కపెట్టడం అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. రెండు దగ్గరే తానే చెప్పేసేది. వీడియో తీసి చూపించాను. చూసుకుని "నేనే వాడికి సందు ఇవ్వడం లేదు మేడం" అంది. నాకు తెలిసి తల్లికి ఇంతకన్నా పదునైన పాఠం ఇంకొకరు చెప్పలేరు.

స్నానంలో చెంబు అమ్మ చేతిలో పైకి ఎత్తి ఆగుతుంది. వాడు చూస్తే, అరిస్తే, "పోయ్" అని పోస్తుంది. మిషన్ దగ్గర గుడ్డముక్కల సంచి వాడిదైంది. ఒక్కో ముక్క తల మీద వేసుకుని దాక్కోవడం, అమ్మ "యాడున్నాడు చిన్నోడు?" అని వెతకడం, ముక్క లాగితే బూచ్. సూదులు, గుండీలు పెట్టె పైకి పోయాయి. కరెంటు మిషన్ కాదు కాబట్టి అమ్మ ఒక కాలు ఆపి ఆడగలిగేది. నీళ్ళు పట్టే రోజు బిందె నిండే చప్పుడు మారడం వినడం, నిండాక "ఆయె" అనడం. ఇవన్నీ నేను చెప్పినవి కాదు. దారి తెలిశాక అమ్మ, అవ్వ కనిపెట్టినవే ఎక్కువ.

తిండి దగ్గర మాత్రం గట్టి పోరాటం జరిగింది. అప్పటిదాకా ఫోన్ చూపిస్తూ అవ్వ వెనక తిరుగుతూ ముప్పావు గంట పెట్టేది. ఇప్పుడు కింద అందరితో పాటు కూర్చోబెట్టి, వాడి పళ్ళెంలో చిన్న చిన్న సంగటి ఉండలు, పక్కన పప్పు. తానే చేత్తో తినాలి. మొదటి నాలుగు రోజులు సగం కూడా తినలేదు, ఫోన్ కోసం నేల మీద దొర్లాడు. అవ్వకు ఇది భరించలేని బాధ. "బిడ్డ కడుపు మాడ్చి మాట నేర్పిచ్చేదా?" అని నాకే ఫోన్ చేసి అడిగింది. ఆ కోపాన్ని నేను గౌరవిస్తాను. పిల్లల డాక్టరు దగ్గర వారానికోసారి బరువు చూపించాం, తగ్గలేదు. పదకొండో రోజు సంగటి ఉండను పప్పులో ముంచి అవ్వ నోటికి అందించాడు. ఆ రోజు నుంచి తిండి దగ్గర ఫోన్ ఊసు లేదు.

ఫోన్ పూర్తిగా తీసేయలేదు. మధ్యాహ్నం అమ్మ కటింగ్ చేసే అరగంట అలాగే ఉంచాను. కత్తెర చేతిలో ఉన్నప్పుడు పిల్లవాడు ఒక చోట కూర్చోవడం అవసరం. దాన్ని తప్పుగా చూస్తే ఆ తల్లి నాతో నిజం చెప్పడం మానేస్తుంది.

భాష గురించి పెద్ద చర్చే జరిగింది. ఎల్‌కేజీలో ఇంగ్లీషు మీడియం కాబట్టి ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడాలని ఎవరో అమ్మకు చెప్పారట. అవ్వ అరవం మాట్లాడితే బాబు గందరగోళపడతాడని ఇంకెవరో. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు తరతరాలుగా రెండు భాషల మధ్యే పిల్లలు పెరిగారు. ఎవరికి ఏ భాషలో కోపం, ముద్దు, కథ సులువుగా వస్తాయో ఆ భాషలోనే మాట్లాడమన్నాను. అమ్మ తెలుగుకు వచ్చేసింది. రంగుల పేర్లు అడగడం మానేసి "ఎర్ర గుడ్డ, మెత్తగుంది" అనడం మొదలుపెట్టింది.

మార్చి రెండో వారంలో చేట దగ్గర మొదటి మాట వచ్చింది. అవ్వ గిన్నె మూత పెట్టేసి లేవబోతే, వాడు చెంగు పట్టుకుని "ఇంగ" అన్నాడు. ఆ రాత్రే అవ్వ నాకు ఫోన్ చేసి మూడుసార్లు చెప్పింది. "ఇంగ" ఎంత పనికొచ్చే మాటో చూడండి. నీళ్ళు ఇంగ, సంగటి ఇంగ, ఉప్పుమూట ఇంగ. రెండు మాటల వాక్యాలు వాడి దగ్గర దీనితోనే మొదలయ్యాయి.

మిద్దె మీద పది నిమిషాలు

నాన్నకు ఇవ్వదగ్గ సమయం పగలు లేదు. రాత్రి తొమ్మిది దాటాక వస్తాడు, అన్నం తిని పది నిమిషాలు మిద్దె ఎక్కి నడుస్తాడు. వాడిని భుజాన వేసుకుని ఎక్కమన్నాను. ఫోన్ కిందనే ఉండాలి. ఇంకేమీ అడగలేదు.

తిరుపతిలో ఏ మిద్దె ఎక్కినా రాత్రిపూట కొండ కనబడుతుంది. అలిపిరి మెట్ల దారి వెంట దీపాల వరస, పైన గాలిగోపురం దగ్గర వెలిగే శంఖు చక్ర నామాలు, ఘాట్ రోడ్డు మలుపుల్లో బండ్ల లైట్లు. నాన్న రోజూ తిరిగే దారే అది. "అదిగో కొండ. అదిగో బండి. నాన్న బండి" అని చెప్పి ఊరుకునేవాడు. చాలా రోజులు చిన్నోడు అటు చూడనైనా చూడలేదు, నాన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఆడుకునేవాడు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి వానకు ముందు గాలి వీచి కొండ మీద మెరుపు మెరిసింది. వాడు భుజం మీద నుంచి చూపుడువేలు చాచి కొండ వైపు చూపించాడు. చూపించి, తల తిప్పి నాన్న ముఖం చూశాడు, నువ్వూ చూశావా అన్నట్టు. మళ్ళీ కొండ వైపు. ఇది నాన్న వర్ణించి చెప్పినది. చెబుతున్నప్పుడు ఆయనకు గొంతు పెగల్లేదు. కావాల్సిన వస్తువు కోసం చెయ్యి చాచడం వేరు, నచ్చినదాన్ని ఇంకొకరితో పంచుకోవడానికి వేలు చూపించడం వేరు. రెండోదాన్నే మేం మాటకు పునాదిగా చూస్తాం. ఆటిజం గురించి డాక్టరు ఎదురుచూస్తున్న సమాచారంలో ముఖ్యమైనదీ అదే. నోట్సులో ఆ తేదీ కింద రెండు గీతలు గీశాను.

జాతర వారం

మేలో గంగమ్మ జాతర వచ్చింది. ఇంటి నిండా చుట్టాలు, పదిహేను మంది. అమ్మకు కుట్టు పని మూడింతలు, అవ్వకు వంట. చిన్నోడి చేతికి ఫోన్ మళ్ళీ వచ్చింది, ఎవరో మామ ఇచ్చాడు. నిద్ర చెడింది. జాతర అయ్యాక చూస్తే తిండి దగ్గర మళ్ళీ ఏడుపు, మాటలు సగానికి తగ్గాయి. అమ్మ నా ముందు ఏడ్చింది. పండగలు, పెళ్ళిళ్ళు మన ఇళ్ళలో ఆగవు. వాటి తర్వాత వారం పది రోజులు వెనక్కి జారడం దాదాపు ప్రతి కేసులోనూ చూశాను. చేట, చెంబు, మిద్దె, ఆ మూడూ ముందులాగే మొదలుపెట్టమన్నాను. మరో పన్నెండు రోజులకు మామూలైంది.

అయితే ఆ జాతరే మేం ఆశించని ఒకటి ఇచ్చింది. నాన్నకు మొక్కు ఉంది, ఒళ్ళంతా తెల్లగా నామకొమ్ము పూసుకుని వేషం కట్టాడు. బాబు గుర్తుపట్టలేక అవ్వ చంకలో ముఖం దాచుకున్నాడు. నాన్న ముక్కు మీద తెలుపు కాస్త తుడిచి చూపించాక వేలితో ఆ ముక్కు తాకి చూశాడు. అంతటితో అయిపోయింది అనుకున్నారు. జూన్ మొదట్లో అవ్వ రొట్టెల పిండి కలుపుతుంటే చిన్నోడు గుప్పెడు పొడిపిండి తీసి బుగ్గలకు, పొట్టకు పూసుకున్నాడు. పెరటి వేప కొమ్మ నుంచి రాలిన రెమ్మ చేత పట్టుకుని బీరువా అద్దం ముందు నిలబడ్డాడు. "ఏసం" అన్నాడు. అమ్మ తిట్టబోయి ఆగింది. ఐదు లెక్కపెట్టింది. "నాన్న ఏసం" అన్నాడు.

ఒకటి ఇంకొకటిగా ఊహించుకునే ఆట అది. పిండి నామకొమ్ము, రెమ్మ వేపమండ, తాను నాన్న. జనవరిలో నా గదిలో బొమ్మ కారును తిరగేసి చక్రం తిప్పడం తప్ప వేరే ఆట తెలియని పిల్లవాడు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో.

జూకు కూడా వెళ్ళారు, ఒక బుధవారం, నాన్నకు ట్రిప్పులు లేని రోజు. 1987లో ఏర్పడిన మన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 5,500 ఎకరాలకు పైగా ఉంటుంది. రెండున్నర గంటలు తిరిగితే వాడికి బాగా నచ్చింది దారి పక్కన రాలిన ఎండుటాకుల మీద గెంతడం. నాన్న ముందు నిరాశపడ్డాడు, తర్వాత వాడితో పాటు గెంతాడట. "ఆకు. ఇంగ ఆకు. నాన్న దూకు." అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఇంకో రెండేళ్ళు ఆగాక బాగుంటుందని చెప్పాను.

ఆగస్టు పరిస్థితి

నా గదిలో ప్రతి సమీక్షకూ ఒకే పని చేశాను. అవే స్టీలు గిన్నెలు, గరిటెలు ఇచ్చి అమ్మతో పదిహేను నిమిషాలు ఆడనిచ్చి రికార్డు చేశాను. జనవరిలో ఆ పదిహేను నిమిషాల్లో అవసరానికి వాడిన వేర్వేరు మాటలు మూడు. మార్చి చివర పదకొండు. జూన్‌లో ముప్పై నాలుగు. ఆగస్టులో లెక్క ఆపేశాను, రెండు మూడు మాటల వాక్యాలు వస్తున్నాయి కాబట్టి వాక్యాలు రాసుకోవడం మొదలుపెట్టాను. అప్పటికి వాడికి మూడేళ్ళ మూడు నెలలు. డాక్టరు మళ్ళీ చూసి ఆటిజం అనుమానం పక్కన పెట్టవచ్చన్నారు, మాట వయసు మాత్రం ఇంకా ఆరేడు నెలలు వెనకే ఉందన్నారు. నా అంచనా కూడా అదే.

ఇదంతా మా ప్లాన్ వల్లే జరిగిందని నేను అనలేను. అవ్వ చెప్పినట్టు వాళ్ళ నాయనలాగే తానుగా అందుకునే పిల్లవాడే కావచ్చు. ఒక్క కేసుతో తేలే విషయం కాదిది. వేలు చూపించడం, ఊహించి ఆడడం, మాటలు, మూడూ ఆ నెలల్లోనే ఒకదాని వెంట ఒకటి వచ్చాయన్నది రాసి ఉంచుతున్నాను. అలాగే ఈ ఇంట్లో ఉన్న బలం అన్ని ఇళ్ళలో ఉండదు. రోజంతా ఇంట్లో ఉండే అవ్వ, తప్పు ఒప్పుకునే అమ్మ, పది నిమిషాల మాట తప్పని నాన్న. అవ్వ లేని ఇంటికి నేను వేరేగా ఆలోచించాల్సి ఉంటుంది.

మిగిలింది ఉచ్చారణ. క, గ అక్షరాలు త, ద లుగా పలుకుతున్నాడు. ఈ వయసులో ఇది మామూలే, నాలుగేళ్ళు దగ్గర పడేదాకా దాని జోలికి వెళ్ళను. నవంబరులో మళ్ళీ రమ్మన్నాను. వెళ్ళేటప్పుడు వరండాలో చెప్పులు వేసుకుంటూ, నాన్న ఎక్కడ అని నేను అడగకముందే నా వైపు చూసి చెప్పాడు. "నాన్న తొండ పోయినాడు. బండి."

అమ్మ సరిదిద్దబోయి నన్ను చూసింది. నేను తలూపాను.

"అవును సామీ, కొండకు పోయినాడు. పెద్ద బండిలో" అంది, చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ.